లిఫ్టులో బీరువాకు చోటివ్వండి

అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు,



మన లిఫ్టుల్లో చాలాచోట్ల ఒక బోర్డు కనిపిస్తుంది. "ఇంటి సామాను లిఫ్టులో తీసుకెళ్లరాదు. అతిక్రమిస్తే జరిమానా." నేను హైదరాబాద్‌లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కు నాలుగేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. మా లిఫ్టులో ఆ బోర్డు పెట్టించింది నేనే, దాని కింద సంతకం కూడా నాదే. అలాంటి బోర్డులు తీసేయండని మిమ్మల్ని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

శ్రావణం వచ్చాక తొలి ఆదివారం. ఆషాఢమంతా ఆగిపోయిన ఇళ్ల మార్పులన్నీ ఆ వారం మీదే పడతాయని మీకూ తెలుసు. మూడో అంతస్తులోకి అద్దెకు దిగుతున్న ఒక కుటుంబం సామాను డీసీఎంలో వచ్చింది. సన్నగా వాన పడుతోంది. వాచ్‌మన్ నేను చెప్పినట్టే లిఫ్టు ముందు నిలబడి, సామాను మెట్ల మీదుగానే వెళ్లాలన్నాడు. మంచం పట్టెలు, కుర్చీలు, బియ్యం డబ్బాలు ఒక్కొక్కటీ పైకెళ్లాయి. ఆఖరికి బీరువా మిగిలింది. ఇద్దరు హమాలీలు దాన్ని వెల్లకిలా వాల్చి, ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టుకుని ఎక్కించారు. రెండో అంతస్తు దాటాక మలుపు దగ్గర దాన్ని నిలబెట్టి తిప్పాల్సి వచ్చింది. తిప్పుతుంటే తాళం సరిగ్గా పడని తలుపు తెరుచుకుంది. బరువంతా ఒక పక్కకు ఒరిగింది. కిందనున్న కుర్రవాడు వదిలేసి పక్కకు తప్పుకోవచ్చు. కానీ అతని వెనకే ఆ ఇంటి పెద్దావిడ దేవుడి పటం గుండెలకు హత్తుకుని ఎక్కి వస్తోంది. అతను వదల్లేదు. నడుము మెలి తిరిగింది, తడి మెట్టు మీద కాలు జారింది, బీరువాతో పాటు గోడకు చేరగిలబడి అలాగే కూర్చుండిపోయాడు.

కాసేపటికి లేచాడు. మంచినీళ్లు తాగాడు. మిగిలిన సామాను కూడా ఎక్కించి, కూలి తీసుకుని వెళ్లిపోయాడు. మేమంతా గోడకు పడిన గీతను, పగిలిన గ్రానైట్ అంచును చూసుకున్నాం. ఆ గ్రానైట్ ముక్కకు ఎవరు డబ్బులివ్వాలన్న దాని మీద ఆ నెల కమిటీ మీటింగులో అరగంట మాట్లాడుకున్నాం.

రెండు నెలల తర్వాత, అదే జట్టు మేస్త్రి ఇంకో ఇంటి పని మీద మా గేటు దగ్గరికి వచ్చినప్పుడు ఆ కుర్రవాడి సంగతి అడిగాను. నడుము దగ్గర డిస్కు జారిందని, ఎడమ కాలు తిమ్మిరెక్కుతోందని, బరువులు ఇక మొయ్యొద్దని డాక్టరు చెప్పాడని అన్నాడు. మేస్త్రితో పాటు వెళ్లి చూసి వచ్చాను. పాలమూరు వైపు మనిషి, ముప్పై నాలుగేళ్లు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు, నేల మీద కూర్చుంటే లేవలేనని. ఇంటి సంగతులు, పిల్లల చదువు మాట్లాడుకున్నాక అడిగాడు: "ఆ దినం లిఫ్టు ఖరాబైందా సార్?"

పాడవలేదని చెప్పాను. అతను ఇంకేమీ అడగలేదు.

ఇంటికి రాగానే టేపు పట్టుకుని లిఫ్టులోకి వెళ్లాను. అంతకుముందే చేయాల్సిన పని అది. మాది ఆరుగురు పట్టే లిఫ్టు, లోపల రేకు మీద 408 కిలోలని రాసి ఉంది. మన దేశంలో లిఫ్టులకు మనిషి బరువు 68 కిలోలని లెక్క కడతారు. ఆరుగురికి 408, ఎనిమిది మందికి 544. ఆరున్నర అడుగుల స్టీలు బీరువాను ఖాళీ చేస్తే వంద కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. లిఫ్టు లెక్కలో అది ఇద్దరు మనుషుల బరువుకు కూడా సరిపోదు. రోజూ పొద్దున ఆఫీసులకు, స్కూళ్లకు వెళ్లేవాళ్లు ఆరుగురు ఎక్కితే దించే లిఫ్టు బీరువాను మోయలేదని మేమెలా నమ్మామో!

పట్టదేమోనన్న అనుమానం ఇంకొకటి. అదీ కొలిచాను. మా ఇంట్లో బీరువా ఎత్తు 198 సెంటీమీటర్లు, వెడల్పు 91, లోతు 48. లిఫ్టు తలుపు 70 వెడల్పు, 200 ఎత్తు. లోపల 110 వెడల్పు, 100 లోతు. బీరువా ముఖం లోపలికి పెట్టి తోస్తే తలుపు దగ్గరే ఆగిపోతుంది. పక్కకు తిప్పి, 48 సెంటీమీటర్ల సన్న వైపు ముందుండేలా తోస్తే నిలువుగా లోపలికి వెళ్లిపోతుంది, తలుపూ మూసుకుంటుంది. అయితే ఒక మెలిక ఉంది. ఎత్తులో మిగిలేది రెండు సెంటీమీటర్లే. చక్రాల బండి మీద పెడితే బీరువా తల తలుపుకు తగులుతుంది. ముందుకు వంచితే వెనక అంచు లేచి ఇంకా ఎత్తవుతుంది. అందుకని కాళ్ల కింద మడత లేకుండా దుప్పటి పరిచి, నిలువుగానే నేల మీద జరుపుకుంటూ వెళ్లాలి. మీ లిఫ్టు కొలతలు వేరుగా ఉండొచ్చు, మీ వాళ్ల బీరువా వేరుగా ఉండొచ్చు. కొలవకుండా మాత్రం వద్దనకండి.

మీ భయాలు నాకు తెలియనివి కావు. లిఫ్టు గోడలకు గీతలు పడతాయి. తలుపు కింది పట్టీ మీద బరువైన చక్రం ఎక్కితే అది వంగి, తలుపు నడిచే గాడి పట్టేస్తుంది. తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టి గంటసేపు ఉంచేస్తారు. మెయింటెనెన్స్ కంపెనీ వచ్చి, సామాను ఎక్కించారు కాబట్టి మాకు సంబంధం లేదంటుంది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కానీ ఒక్కొక్కదానికీ మందుంది, అదీ ఖరీదైనది కాదు. లోపలి గోడలకు రెండు పాత బొంతలు వేలాడదీస్తే గీతలు పడవు. తలుపు పట్టీ మీద గుమ్మం దాటేంత పొడవున్న ప్లైవుడ్ పలక వేస్తే చక్రం బరువు ఒక్కచోట పడదు. ఇటుక అవసరం రాకుండా ఒక మనిషి తలుపు దగ్గర నిలబడాలి. ఆ గంట సేపు వాచ్‌మన్‌కు వేరే పని చెప్పకపోతే చాలు. లిఫ్టు ఓవర్‌లోడ్ అయితే అదే కూత పెట్టి ఆగుతుంది, అప్పుడు తీసేయొచ్చు. బీరువాతో పాటు మనుషులు లోపల ఇరుక్కోవద్దు. బొంత మీద గోడకు ఆనించి, లోపల పై అంతస్తు బటన్ నొక్కి బయటికి వచ్చేసి, మరొకరు పైన నిలబడి అందుకుంటే సరిపోతుంది.

మన బోర్డు లిఫ్టు రేకును కాపాడిందన్న మాట నిజమే. ఆ కాపాడిన బరువు ఎక్కడికి వెళ్లిందో కూడా చూడాలి. ఏటవాలుగా ఉన్న మెట్ల మీద ఇద్దరు ఒక వస్తువును మోస్తున్నప్పుడు బరువు చెరి సగం కాదు, కిందివాడి మీద ఎక్కువ పడుతుంది. వంద కిలోల బీరువాలో అరవైకి పైగా ఒక్కడే మోస్తున్నాడనుకోవచ్చు. అది కూడా చేతులు చాచి, వెనక్కి చూడలేక, కింద మెట్టు కనపడక.

చేతులు చాచడం ఎంత ప్రమాదమో చెప్పడానికి చిన్నప్పటి త్రాసు పాఠం చాలు. నడుము కండరాలు వెన్నెముకకు దాదాపు ఐదు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని పనిచేస్తాయి. 20 కిలోల వస్తువును వెన్నెముకకు యాభై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, దాన్ని నిలిపి ఉంచడానికి ఆ కండరాలు దానికి పది రెట్ల బలంతో, అంటే 200 కిలోల లెక్కన, లాగాలి. ఆ లాగుడంతా పూసల మధ్య ఉండే మెత్తని డిస్కుల మీదే పడుతుంది. అదే వస్తువును పొట్టకు ఆనించుకుంటే దూరం సగమవుతుంది, ఆ భారమూ సగమవుతుంది. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో బతికున్న మనుషుల డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచారు. నిటారుగా నిలబడినప్పటి కంటే ముందుకు వంగి బరువు పట్టుకున్నప్పుడు అది రెండింతలు దాటిందని తేలింది. వంగడానికి తోడు నడుమును మెలి తిప్పితే డిస్కు అంచుకు మరీ హాని. మెట్ల మలుపులో హమాలీ చేయక తప్పనిది సరిగ్గా అదే: వంగి, చేతులు చాచి, మెలి తిరగడం.

బరువుకు హద్దులు పెద్దలు ఎప్పుడో చెప్పారు. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 34వ సెక్షన్, గాయం కలిగించేంత బరువును ఎవరి చేతా మోయించరాదంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు, ఎదిగిన మగవాడు ఒక్కడే మోసే బరువు 55 కిలోలు దాటకూడదంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ 1991లో సవరించిన లెక్క ఇంకా కఠినం: పట్టు బాగా దొరికి, వస్తువు ఒంటికి దగ్గరగా ఉండి, తిరగాల్సిన పని లేనప్పుడు కూడా 23 కిలోలు. మహారాష్ట్ర 1969లోనే మాథాడీ, హమాలీ కార్మికుల కోసం ప్రత్యేక చట్టం తెచ్చింది. కేరళ 1978లో తెచ్చింది. మన దగ్గర హమాలీ సంఘాలు సంక్షేమ బోర్డు కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాయి. అది ప్రభుత్వాలు తేల్చాల్సిన సంగతి. మన మెట్ల సంగతి తేల్చడానికి మనకు అసెంబ్లీ అక్కర్లేదు, ఒక్క ఆదివారం మీటింగు చాలు.

ఈ పనిలో ఉన్న నేర్పు గురించి కొంచెం చెప్పాలి. మేస్త్రి ముప్పై ఏళ్లుగా ఉస్మాన్‌గంజ్‌లో జట్టు నడుపుతున్నాడు. "బరువు ఏం జేయది సార్, మలుపే పాణం తీస్తది" అన్నాడు. అతని జట్టు బీరువా దగ్గరికి రాగానే మొదట ఎత్తరు, ఖాళీ చేతులతో మెట్లు ఎక్కి దిగుతారు. ఎక్కడ రెయిలింగ్ బయటికి వచ్చిందో, ఎక్కడ చెప్పుల స్టాండు అడ్డముందో, ఏ మలుపులో ఊపిరి తీసుకోవడానికి దించొచ్చో చూసుకుంటారు. తర్వాత బీరువా తలుపులకు తాళం వేసి, హ్యాండిల్ పైనా కిందా రెండు వరసలు తాడు చుడతారు. లోపలి లాకరు, డ్రాయర్లు ఖాళీగా ఉన్నాయో లేదో ఊపి వింటారు. చప్పుడైతే ఇంటావిడను పిలిచి తెరిపిస్తారు. అడుగున నవారు పట్టీ వేసి, రెండు కొసలూ భుజాల మీదుగా తెచ్చుకుంటారు. మన మంచాలకు అల్లే నవారే అది. పట్టీ ఉంటే బరువు వేళ్ల మీద కాక భుజాల మీద, తొడల మీద పడుతుంది, చేతులు పడిపోకుండా పట్టుకోవడానికే మిగులుతాయి. ఎత్తేటప్పుడు ఒక్క గొంతే వినిపించాలి. "హైలెస్సా" అని మేస్త్రి అంటేనే లేస్తుంది, "దించు" అని అతనంటేనే దిగుతుంది. బాల్కనీలోంచి మనం "కొంచెం కుడికి, గోడ గోడ!" అని అరుస్తుంటే ఆ లయ చెడుతుందని అతను మర్యాదగా చెప్పాడు. నేను చాలాసార్లు అలా అరిచినవాడినే.

తిరగాలంటే నడుము తిప్పరు, పాదాలు తిప్పుతారు. చిన్న చిన్న అడుగులు వేసి ఒళ్లంతా ఒక్కటిగా తిరుగుతారు. జారితే మాత్రం వస్తువును వదిలి పక్కకు తప్పుకోవాలని కొత్తవాళ్లకు మొదటిరోజే నేర్పుతారట. అందుకే బీరువా కింద మెట్ల మీద ఎవరూ ఉండకూడదు. దేవుడి పటమైనా, పాల గిన్నె అయినా ఆ అంతస్తు దాటేదాకా కిందే ఆగాలి. ఆ రోజు పెద్దావిడను ఎవరం ఆపలేదు.

ఇల్లు మారేవాళ్లకు కూడా మీరే నాలుగు ముక్కలు చెప్పాలి, వాళ్లు మీ దగ్గరికే అనుమతికి వస్తారు కాబట్టి. మా తాతల నాటి పందిరి మంచం విప్పితే కోళ్లు, పట్టెలు, పందిరి చట్రం అన్నీ వేరువేరుగా వచ్చేసేవి. వడ్రంగి దాన్ని చేసిందే ఊరు మారినా విప్పి బిగించుకునేలా. ఇప్పటి పెట్టె మంచాలు కూడా చాలావరకు విప్పొచ్చు, కానీ బద్ధకించి నిండుగా మోయిస్తాం. పరుపు కింద సామాను దాచుకునే హైడ్రాలిక్ మంచమైతే ఇంకా జాగ్రత్త. పైపలకను పూర్తిగా ఎత్తి, పడిపోకుండా ఒకరు పట్టుకున్నాకే గ్యాస్ రాడ్లు విప్పాలి. పలక కిందికి ఉండగా విప్పితే రాడ్డు ఒక్కసారిగా విచ్చుకుని ముఖానికి తగులుతుంది. ఫ్రిజ్‌ను నిలువుగానే తీసుకెళ్లాలి. పడుకోబెట్టక తప్పకపోతే, నిలబెట్టిన తర్వాత కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి, కంప్రెసర్ నూనె వెనక్కి చేరడానికి. ముందు తలుపున్న వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు తీసిన ట్రాన్సిట్ బోల్టులు దాచుకుని ఉంటే డ్రమ్ముకు మళ్లీ బిగించాలి. ఇవి చిన్న విషయాలే, ఇక్కడితో వదిలేస్తాను.

చిన్నది కాని విషయం ముహూర్తం. తెల్లవారుజామున నాలుగింటికి పాలు పొంగించాలని, ఆ పొద్దుకే ఇల్లంతా సర్దేసి ఉండాలని రాత్రి పదకొండింటికి బీరువాలు ఎక్కిస్తున్నారు. పగలంతా ఒక ఇల్లు మోసిన మనుషులే రాత్రి రెండో ఇల్లు మోస్తారు. మెట్ల మీద లైటు ఉండీ ఉండనట్టు ఉంటుంది. ముహూర్తం పాలకు, దీపానికి, కలశానికి. బీరువాకు కాదు. మా వీధి గుడి పూజారిగారిని అడిగాను, ఆయనా అదే మాట అన్నారు. దేవుడి పటం, పసుపు కుంకుమలు, బియ్యం, పాలగిన్నె ముహూర్తానికి వెళ్తే చాలు. సామాను తెల్లవారి ఎండ వచ్చాక మెట్లారిన తర్వాత రావచ్చు. రాత్రి ఎనిమిది దాటితే బరువైన సామాను ఎక్కించకూడదన్న నియమం పెట్టండి. ఈ నియమానికి నా పూర్తి మద్దతు ఉంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. హమాలీలు వచ్చే రోజు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. దసరాకో సంక్రాంతికో ఇల్లు దులపడానికి బీరువా జరిపేది మాత్రం ఇంట్లోవాళ్లే, ఎక్కువగా ఆడవాళ్లే, ఒంటరిగానే. మా ఇంట్లో నా భార్య అలాగే ఒకసారి భుజం పట్టేసి నెల రోజులు దువ్వెన ఎత్తలేకపోయింది. ఒక్కరే ఉంటే జరపొద్దు. ఇద్దరుంటే, పై అరల్లో ఉన్న పట్టుచీరలు, కాగితాలు ముందు తీసేయండి. పైన బరువుంటే బీరువా ఒరిగి పడేది జరిపేటప్పుడే. ఒకరు బీరువాను కొద్దిగా, నాలుగు వేళ్ల మందాన మాత్రమే వెనక్కి వంచితే రెండోవారు ముందు కాళ్ల కింద మడిచిన దుప్పటో గోనెపట్టానో తోయాలి. చేతిని కింద పెట్టకుండా కర్రతో తోయాలి. అటువైపూ అలాగే. ఆ తర్వాత లాగొద్దు, నెట్టండి. నెట్టేటప్పుడు నడుము ఎత్తులో అరచేతులు ఆనించి, కాళ్ల బలంతో. ఎంత బరువైనా టైల్స్ మీద దుప్పటి జారుతుంది, టైలు గీసుకోదు. సరైన చోటికి చేరాక ముందు కాళ్ల కింద పలచని చెక్క ముక్కలు పెట్టి వెనక్కి కొద్దిగా వాలేలా చూడండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పై అంచును ఎల్ పట్టీతో గోడకు బిగించండి. ఈ నాలుగు మాటలూ మీ వాట్సాప్ గ్రూపులో పండక్కి వారం ముందు పెడితే ఎవరో ఒకరి నడుము దక్కుతుంది.

ఇప్పుడు నేను అడిగేవి. ఆ బోర్డు తీసి, దాని చోట లిఫ్టు తలుపు వెడల్పు, ఎత్తు, లోపలి కొలతలు, కిలోలు రాసిపెట్టండి. ఇల్లు మారేవాళ్లు బయల్దేరే ముందే తమ వస్తువులు కొలుచుకుంటారు. వాచ్‌మన్ గదిలో రెండు బొంతలు, ఒక ప్లైవుడ్ పలక, ఒక నవారు పట్టీ ఉంచండి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా, పిల్లలూ ఉద్యోగులూ లిఫ్టు వాడని వేళ, సామానుకు ఇవ్వండి. కావాలంటే డిపాజిట్ తీసుకోండి, ఏమీ దెబ్బతినకపోతే అదే రోజు తిరిగివ్వండి. గేటు దగ్గర బండి నిలబెట్టడానికి చోటు చూపించండి. వీధి చివర ఆపిస్తే అక్కడి నుంచి మోసేది కూడా మనుషులే. లిఫ్టులో నిజంగానే పట్టని వస్తువుంటే, మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు, పూలకుండీలు ఆ ఒక్కరోజు తీయించండి, నలుగురు మనుషుల్ని పెట్టించండి. వాళ్లకు మంచినీళ్లు, కింద వాచ్‌మన్ మరుగుదొడ్డి వాడుకునే వీలు కూడా మీరే చూడాలి. కిందటి నెలలో ఒకచోట హమాలీలను పక్క వీధిలోని పెట్రోలు బంకుకు పంపడం చూశాను.

మా అపార్ట్‌మెంట్‌లో బోర్డు మారి ఎనిమిది నెలలైంది. కొత్త కార్యదర్శి ఒప్పుకోవడానికి రెండు మీటింగులు పట్టింది. ఈ ఎనిమిది నెలల్లో తొమ్మిది కుటుంబాలు వచ్చాయి, వెళ్లాయి. ఒక బొంత చిరిగింది, దాన్ని కుట్టించాం. ఒక సోఫా లిఫ్టులో పట్టలేదు. దాని కాళ్లు విప్పి, నిలువుగా నిలబెట్టి మెట్ల మీద నలుగురు ఎక్కించారు.

వచ్చే ఆదివారం పది గంటలకు నాలుగో అంతస్తులోకి సామాను వస్తోంది, అందులో రెండు బీరువాలున్నాయి. పని అదే మేస్త్రి జట్టుది. ఆ కుర్రవాడు ఇప్పుడు బరువు మోయడు. కింద నిలబడి లిఫ్టు తలుపు పట్టుకుంటాడు, ఏ వస్తువు ఎటు తిప్పాలో చెబుతాడు. అతనికి ఆ పూట కూలి సంఘమే ఇస్తుంది. మీ కమిటీ నుంచి ఎవరైనా వచ్చి చూస్తామంటే రండి, టేపు తెచ్చుకోండి.

మీ,
ఒక మాజీ కార్యదర్శి